కోర్సు పూర్తయింది, పని వచ్చిందా?

1970ల్లో బ్రిటిష్ తపాలా శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. ఉత్తరాల మీద పోస్ట్‌కోడ్ రాసే పద్ధతి దేశమంతా వ్యాపిస్తోంది. ఆ కోడ్ చూసి మీటలు నొక్కితే ఏ ఊరి ఉత్తరాలను ఆ ఊరికి విడదీసే యంత్రాలు వస్తున్నాయి. అంతదాకా చేత్తో సార్టింగ్ చేసిన పోస్ట్‌మాన్‌లు ఇకమీదట కీబోర్డు ముందు కూర్చోవాలి. మరి వాళ్ళకు రోజుకు ఎన్ని గంటలు నేర్పితే టైపింగ్ త్వరగా వస్తుంది?

అలన్ బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్నకు జవాబు వెతికి, 1978లో ఫలితాలు ప్రచురించారు. పోస్ట్‌మాన్‌లను నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టుకు రోజుకు ఒక్క గంట శిక్షణ. రెండో జట్టుకు గంట చొప్పున రెండు విడతలు. మూడో జట్టుకు ఏకబిగిన రెండు గంటలు. నాలుగో జట్టుకు రెండేసి గంటల చొప్పున రెండు విడతలు, అంటే రోజుకు నాలుగు గంటలు. కీబోర్డు మీద అక్షరాలన్నీ చేతికి రావడానికి మొదటి జట్టుకు సుమారు 35 గంటలు పట్టింది. నాలుగో జట్టుకు సుమారు 50 గంటలు. నెలలు గడిచాక మళ్ళీ పరీక్షిస్తే అందరికంటే వెనకబడి ఉన్నది కూడా ఆ నాలుగో జట్టే.

అసలు మెలిక ఆ తర్వాత ఉంది. శిక్షణ ఎలా ఉందని అడిగితే అందరికంటే అసంతృప్తిగా ఉన్నది మొదటి జట్టు. గంటల్లో చూస్తే వాళ్ళు ముందున్నారు, క్యాలెండరులో చూస్తే వెనకబడ్డారు. రోజుకు గంట చొప్పున 35 గంటలంటే ఏడు వారాల పనిదినాలు. రోజుకు నాలుగు చొప్పున 50 గంటలంటే రెండున్నర వారాలు. అవతలి జట్టు ముగించుకుని వెళ్ళిపోతుంటే, తమకింకా రావడం లేదనే వాళ్ళకు తోచింది.

ఈ-లెర్నింగ్ అన్న మాట అప్పటికి పుట్టలేదు. అయినా కంపెనీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఇవాళ నడుస్తున్న ఆన్‌లైన్ శిక్షణ కొన్నిచోట్ల ఎందుకు అద్భుతంగా పనిచేస్తుందో, చాలాచోట్ల ఎందుకు మొక్కుబడిగా మిగిలిపోతుందో అర్థం చేసుకోవడానికి ఈ పోస్ట్‌మాన్‌ల కథ మంచి దారి. బాగా నేర్పే పద్ధతి, బాగున్నట్టు అనిపించే పద్ధతి ఎప్పుడూ ఒకటే కావాలని లేదు. శిక్షణ ఇప్పించేవాళ్ళు దేన్ని లెక్కపెడతారో చివరికి ఆ లెక్కకు సరిపడే శిక్షణే తయారవుతుంది.

తెర గొప్పదా, గది గొప్పదా?

యంత్రంతో పాఠం చెప్పించాలన్న కోరిక పాతదే. 1920ల్లో అమెరికాలో సిడ్నీ ప్రెస్సీ ఒక పెట్టె తయారుచేశాడు. అందులో ప్రశ్న కనబడుతుంది. సరైన మీట నొక్కితేనే తర్వాతి ప్రశ్న వస్తుంది. 1950ల్లో బి.ఎఫ్. స్కిన్నర్ ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ‘ప్లేటో’ అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలైంది. ఆ తర్వాత వీడియో టేపులు, సీడీలు, వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు వరసగా వచ్చాయి. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న: ఇది మాస్టారి కంటే బాగా చెబుతుందా?

1983లో రిచర్డ్ క్లార్క్ అనే విద్యా పరిశోధకుడు ఈ ప్రశ్నే తప్పన్నాడు. సరుకులు తెచ్చే లారీకీ, వాటిని తిన్నవాళ్ళ ఒంటికి పట్టే బలానికీ ఎంత సంబంధమో, పాఠాన్ని మోసుకొచ్చే సాధనానికీ చదువు వంటబట్టడానికీ అంతే సంబంధమని ఆయన వాదన. తేడా తెచ్చేది బోధన పద్ధతి. ఉదాహరణ చూపించారా, అభ్యాసం చేయించారా, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో చెప్పారా అన్నవే ముఖ్యం. రాబర్ట్ కోజ్మా లాంటివాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు. కొన్ని పద్ధతులు కొన్ని సాధనాలతోనే సాధ్యమవుతాయి కదా అని వాళ్ళ ప్రశ్న. ఆ వాదులాట ఏళ్ళ తరబడి నడిచింది.

ఉద్యోగ శిక్షణకు సంబంధించి దీనికి చక్కటి జవాబు 2006లో వచ్చింది. ట్రేసీ సిట్జ్‌మన్, ఆమె సహచరులు 96 అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. తెలుసుకోవాల్సిన సమాచారం వరకు వెబ్ శిక్షణ తరగతి గది కంటే 6 శాతం మెరుగని తేలింది. చేయాల్సిన పని నేర్పడంలో రెండూ సమానం. నేర్చుకున్నవాళ్ళ సంతృప్తిలోనూ తేడా లేదు. అయితే ఆ 6 శాతం ఆధిక్యం కూడా నీడలాంటిదే. రెండుచోట్లా ఒకే బోధన పద్ధతి వాడిన అధ్యయనాలను విడిగా తీసి చూస్తే తేడా మాయమైంది. క్లార్క్ వాదనకు ఇది గట్టి మద్దతు.

ఇంకో లెక్క కూడా వాళ్ళు తేల్చారు. నేర్చుకునేవాళ్ళకు తమ వేగాన్ని తాము నిర్ణయించుకునే వీలుండి, కోర్సు ఎక్కువకాలం సాగి, మధ్యమధ్య అభ్యాసమూ దానిమీద వెంటనే స్పందనా ఉంటే, వెబ్ శిక్షణ తరగతి కంటే 19 శాతం మెరుగు. ఇక్కడ కోజ్మా వాదనకూ చోటు దొరుకుతుంది. నలభైమంది ఉన్న గదిలో ప్రతి ఒక్కరి తప్పునూ ఆ క్షణంలో పట్టుకుని చెప్పడం ఏ శిక్షకుడి వల్లా కాదు. తెరకు అది సునాయాసం.

వైద్య రంగంలోనూ ఇదే కనబడింది. 2008లో డేవిడ్ కుక్ బృందం డాక్టర్లు, నర్సుల వంటివారి ఇంటర్నెట్ శిక్షణపై వచ్చిన 201 అధ్యయనాలను పరిశీలించింది. ఏ శిక్షణా లేకపోవడంతో పోలిస్తే ప్రయోజనం చాలా ఎక్కువ. మామూలు శిక్షణతో పోలిస్తే తేడా స్వల్పం, అదీ ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా. కాబట్టి ‘ఈ-లెర్నింగ్ పనిచేస్తుందా’ అని అడిగితే ‘ఏ ఈ-లెర్నింగ్’ అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు.

మరపు మొదలయ్యేది ఆ రోజే

జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన పుస్తకం జ్ఞాపకశక్తి మీద తొలి ప్రయోగాత్మక అధ్యయనం. ప్రయోగించింది తనమీదే. అర్థంలేని అక్షర గుంపుల జాబితాలు కంఠస్థం చేసి, కొంతసేపయ్యాక అదే జాబితాను మళ్ళీ నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత సమయం ఆదా అయిందో, అంత మేరకు పాత జ్ఞాపకం మిగిలినట్టు లెక్క. 20 నిమిషాల తర్వాత ఆదా 58 శాతం. ఒక రోజు తర్వాత 34 శాతం. నెల తర్వాత 21 శాతం. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ ప్రయోగాన్ని తిరిగి చేస్తే మరపును చూపే గీత దాదాపు అలాగే వచ్చింది.

అర్థమున్న విషయాలు అంత వేగంగా చెరిగిపోవు. కానీ గీత రూపం అదే: మొదట్లో నిటారుగా జారి, తర్వాత నెమ్మదిస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే కంపెనీ నియమాలు, భద్రతా జాగ్రత్తలు, సాఫ్ట్‌వేర్ వాడకం అన్నీ గుమ్మరించే శిక్షణ ఈ గీత పైభాగాన్ని మాత్రమే చూస్తుంది. పాఠం ముగిసిన పది నిమిషాలకు క్విజ్ పెడితే అందరికీ తొంభై మార్కులొస్తాయి. ఆ తొంభైలో ఎంత మిగిలిందో రెండు నెలల తర్వాత అడిగే నాథుడుండడు.

గీతను ఎత్తిపట్టే ఉపాయాలు రెండున్నాయి. ఒకటి పోస్ట్‌మాన్‌లతో చూశాం, విడతలుగా నేర్వడం. రెండోది, చదివినదాన్నే మళ్ళీ చదవడం మాని గుర్తుచేసుకునే ప్రయత్నం చేయడం. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ పరిశోధకులు విద్యార్థులకు ఒక చిన్న వ్యాసం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి: 81 శాతం, రాసినవాళ్ళు 75 శాతం. వారం గడిచేసరికి తారుమారైంది. మళ్ళీ చదివినవాళ్ళు 42 శాతానికి జారితే, గుర్తుచేసుకున్నవాళ్ళు 56 శాతం దగ్గర నిలబడ్డారు. క్విజ్ మార్కులు వేసే పరికరం మాత్రమే అనుకుంటాం. నేర్పే పరికరం కూడా అదే.

ఈ రెండు ఉపాయాలనూ ఉద్యోగంలో ఉన్నవాళ్ళమీద కలిపి పరీక్షించిన ఘనత అమెరికాలో బి. ప్రైస్ కెర్‌ఫుట్ అనే యూరాలజిస్టుది. ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షను అవసరం లేనివాళ్ళకూ రాయడం అక్కడి వైద్యుల్లో ఒక అలవాటు. 95 మంది వైద్య సిబ్బందిని ఎంపిక చేసి, అందులో కొందరికి 36 వారాలపాటు ఈ-మెయిల్లో చిన్న చిన్న కేసులు పంపారు. ‘ఈ వయసు రోగి వచ్చాడు, పరీక్ష రాస్తారా?’ అన్న తరహా ప్రశ్న. జవాబు నొక్కగానే వివరణ. అవే ప్రశ్నలు కొన్నాళ్ళాగి మళ్ళీ వచ్చేవి. ఆ కాలంలో అనవసర పరీక్షలు రాయడం మిగతావారితో పోలిస్తే 26 శాతం తగ్గింది. మెయిళ్ళు ఆగిపోయాక 72 వారాలు గమనిస్తే ఆ తేడా 40 శాతానికి పెరిగింది. వీడియో లేదు, యానిమేషన్ లేదు, కొన్ని నిమిషాల పని. లెక్కించింది క్విజ్ మార్కుల్ని కాదు, డాక్టరు చీటీ మీద ఏం రాశాడన్నది.

చూస్తే వచ్చేసినట్టే ఉంటుంది

ఆన్‌లైన్ శిక్షణలో సింహభాగం వీడియోలదే. వాటిలో ఒక ప్రమాదం దాగుంది. 2018లో షికాగో విశ్వవిద్యాలయంలో కార్డస్, ఓబ్రయన్ అనే ఇద్దరు ఒక సరదా విద్యను ప్రయోగానికి తీసుకున్నారు. బల్లమీద పళ్ళేలు, గ్లాసులు ఉండగానే కిందున్న గుడ్డను ఒక్క లాగుతో తీసేయడం. కొందరికి ఆ వీడియో ఒక్కసారి చూపించారు, కొందరికి ఇరవైసార్లు. నువ్వు చేయగలవా అని అడిగితే ఇరవైసార్లు చూసినవాళ్ళ ధీమా ఎక్కువ. డార్ట్‌లు విసరడం, మూన్‌వాక్ చేయడం లాంటి విద్యలతోనూ ఇదే తంతు. చేసి చూపమంటే మాత్రం ఎక్కువసార్లు చూసినవాళ్ళు మెరుగ్గా చేసింది లేదు. చూడటం వల్ల పెరిగింది నైపుణ్యం మీద నమ్మకం, నైపుణ్యం అక్కడే ఉంది.

అలాగని తెర మీద చేతిపని నేర్పడం అసాధ్యమనుకోనక్కర్లేదు. 2002లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం దీనికి సాక్ష్యం. పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీ ద్వారా తొలగించడం నేర్చుకుంటున్న 16 మంది సర్జరీ రెసిడెంట్లలో సగం మందికి మామూలు శిక్షణకు తోడు వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్ మీద అభ్యాసం చేయించారు. తర్వాత అసలైన ఆపరేషన్‌లో వీళ్ళు పిత్తాశయాన్ని విడదీయడం 29 శాతం వేగంగా ముగించారు. సిమ్యులేటర్ ముట్టుకోనివాళ్ళు పిత్తాశయాన్ని గాయపరిచే, పక్క కణజాలాన్ని కాల్చే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా కనబడింది.

ఈ ప్రయోగంలో చాలామంది దాటేసే వివరం ఒకటుంది. సిమ్యులేటర్ మీద ఎన్ని గంటలు కూర్చోవాలన్న నియమం లేదు. ముందుగా అనుభవజ్ఞులైన సర్జన్లతో అదే పని చేయించి, వాళ్ళ స్థాయిని గీటురాయిగా పెట్టారు. రెసిడెంట్ ఆ స్థాయిని అందుకునేదాకా అభ్యాసం ఆపకూడదు. ఒకరికి త్వరగా రావచ్చు, ఒకరికి ఆలస్యం కావచ్చు. ఎంతసేపు కూర్చున్నారన్న లెక్కను పక్కనపెట్టి, ఎంత వచ్చిందన్న లెక్క తీసుకున్నారు. ఫలితంలో ఖరీదైన యంత్రం వాటా ఎంతో, ఈ నిర్ణయం వాటా కూడా అంతే అనిపిస్తుంది.

నెక్స్ట్, నెక్స్ట్, సర్టిఫికెట్

ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదైనా ఐటీ కంపెనీలోకి వద్దాం. ఆర్థిక సంవత్సరం ముగియబోతోంది. ‘మీ తప్పనిసరి శిక్షణ పెండింగ్‌లో ఉంది’ అంటూ మెయిళ్ళు మొదలవుతాయి. సమాచార భద్రత, ప్రవర్తనా నియమావళి, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణ. ఉద్యోగి ఒక విండోలో కోర్సు తెరిచి శబ్దం తీసేస్తాడు. ఇంకో విండోలో కోడ్ రాసుకుంటాడు. అప్పుడప్పుడూ ఇటొచ్చి ‘నెక్స్ట్’ నొక్కుతాడు. చివర్న పది ప్రశ్నలు, తప్పితే మళ్ళీ రాసే వీలు. సర్టిఫికెట్ వస్తుంది. హెచ్.ఆర్. పట్టికలో ఎరుపు గడి ఆకుపచ్చగా మారుతుంది.

దీన్ని ఉద్యోగుల బద్ధకం అని తేల్చేయడం తేలిక. కారణం ఇంకా లోతుగా ఉంది. వేర్వేరు కంపెనీలు తయారుచేసిన కోర్సులు ఏ శిక్షణ వేదిక మీదైనా నడవాలని అమెరికా రక్షణ శాఖ చొరవతో 2000 ప్రాంతంలో ‘స్కార్మ్’ అనే సాంకేతిక ప్రమాణం వచ్చింది. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. మామూలు వాడుకలో కోర్సు నుంచి వేదికకు చేరే సమాచారం ముఖ్యంగా మూడు ముక్కలు: పూర్తయిందా లేదా, మార్కులెన్ని, ఎంతసేపు గడిపారు. యంత్రం సులువుగా ఇచ్చే ఈ అంకెలే యాజమాన్యానికి నివేదికలయ్యాయి. నివేదికలే లక్ష్యాలయ్యాయి. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టం యజమానులు క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు జరపాలంటుంది. జరిపినట్టు చూపడానికి పూర్తిచేసినవారి జాబితా చాలు. ఆ జాబితా వల్ల ఆఫీసులో ఒక మహిళ ఫిర్యాదు చేయడానికి ధైర్యం పెరిగిందా అన్న ప్రశ్నకు ఏ పట్టికలోనూ గడి లేదు.

ప్రభుత్వాలూ ఈ దారిలోనే నడుస్తున్నాయి. కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరులో ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ‘ఐగాట్ కర్మయోగి’ అనే ఆన్‌లైన్ వేదిక నడుస్తోంది. గుమాస్తా నుంచి కార్యదర్శి దాకా ఎవరైనా తమ ఫోన్లోనే కోర్సులు చేసుకోవచ్చు. మారుమూల మండలంలో పనిచేసే ఉద్యోగి శిక్షణ కోసం రాజధానికి వెళ్ళి వారం రోజులు హాస్టల్లో ఉండనక్కర్లేకపోవడం చిన్న లాభం కాదు. 2024 అక్టోబరులో జాతీయ అభ్యాస వారం జరిపినప్పుడు ఒక్కో ఉద్యోగి కనీసం 4 గంటలు నేర్చుకోవాలని లక్ష్యం పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ గంటలు లక్ష్యమైనప్పుడు గంటలే పండుతాయి.

మొక్కుబడి శిక్షణ ఫలితం ఎలా ఉంటుందో 2025లో వెలువడిన ఒక అధ్యయనం పెద్ద ఎత్తున చూపించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో ఆరోగ్య విభాగంలో దాదాపు 19,500 మంది ఉద్యోగులకు ఎనిమిది నెలల్లో పది విడతలుగా ఉత్తుత్తి ఫిషింగ్ మెయిళ్ళు పంపారు. లింకు నొక్కి మోసపోయినవాళ్ళకు వెంటనే శిక్షణ పేజీ తెరుచుకుంటుంది. శిక్షణ అందినవాళ్ళకూ అందనివాళ్ళకూ మోసపోయే రేటులో తేడా సగటున 1.7 శాతం. ఏడాదికోసారి చేసే తప్పనిసరి సైబర్ భద్రత కోర్సును ఇటీవలే ముగించారా, ఎప్పుడో ముగించారా అన్నదానికీ మోసపోవడానికీ సంబంధమే కనబడలేదు. ఎందుకో ఆ పేజీ రికార్డులే చెబుతున్నాయి. శిక్షణ పేజీ తెరుచుకున్న సందర్భాల్లో ముప్పావు వంతు ఒక నిమిషమో, అంతకన్నా తక్కువో చూసి వదిలేశారు. ప్రశ్నలు అడిగే తరహా పేజీని చివరిదాకా పూర్తిచేసినవాళ్ళు తర్వాత మోసపోయే అవకాశం 19 శాతం తగ్గింది. వాళ్ళు స్వతహాగా జాగ్రత్తపరులు కావడం వల్ల కూడా ఆ తేడా వచ్చి ఉండొచ్చు. ఏమైనా, తెరుచుకున్న పేజీ చదివిన పేజీ కాదన్న సంగతి మాత్రం ఖాయం.

అందరికీ ఒకే పాఠం

పదిహేనేళ్ళ అనుభవమున్న ఇంజనీరుకూ నిన్న చేరిన ట్రైనీకీ ఒకే మాడ్యూల్ పెట్టడం ఇంకో సాధారణ పొరపాటు. దీనివల్ల అనుభవజ్ఞుడికి విసుగు పుట్టడం ఒక్కటే నష్టం కాదు. ఆస్ట్రేలియాలో స్లావా కల్యూగా, జాన్ స్వెల్లర్ బృందం ఎలక్ట్రికల్ అప్రెంటిస్‌ల మీద చేసిన అధ్యయనాల్లో ఒక విచిత్రం బయటపడింది. కొత్తవాళ్ళకు సర్క్యూట్ బొమ్మతోపాటు ఆ పక్కనే వివరణ రాసి ఉంటే బాగా అర్థమైంది. వాళ్ళే కొంత ఆరితేరాక బొమ్మ ఒక్కటే ఉన్న పాఠం మెరుగ్గా పనిచేసింది. తెలిసిన వివరణను చదవకుండా దాటేయడానికి కూడా మెదడు కొంత శ్రమ పడాలి. ఒకప్పుడు ఊతమైన మాటలే తర్వాత అడ్డమయ్యాయి.

దీనికి పరిష్కారం కంప్యూటరు చేతిలోనే ఉంది. కోర్సు మొదట్లోనే కొన్ని ప్రశ్నలు వేసి, వచ్చినవాటిని దాటించి, రానిదగ్గర ఆపి చెప్పడం దానికి కష్టం కాదు. తరగతి గదిలో లేని ఈ వీలును చాలా కోర్సులు వాడుకోవు. పైగా ఎవరూ దాటేయకుండా ‘నెక్స్ట్’ బటన్‌కు తాళం వేసి, స్లైడు మొత్తం వినేదాకా కదలనివ్వవు. వచ్చినవాడి సమయాన్నీ రానివాడి సమయాన్నీ ఒకే గడియారంతో కొలుస్తాయి.

సీటు దగ్గరికి తిరిగొచ్చాక

కోర్సు ఎంత బాగున్నా, నేర్చుకున్నది పనిలోకి దిగాలి. 1988లో బాల్డ్‌విన్, ఫోర్డ్ ఈ విషయాన్ని మూడు కాళ్ళ మీద నిలబెట్టారు: నేర్చుకునే మనిషి, శిక్షణ రూపం, పనిచేసే చోటు. మూడోది లేకపోతే మొదటి రెండూ వృథా. కొత్త పద్ధతిలో రిపోర్టు రాయడం నేర్చుకుని వచ్చిన ఉద్యోగితో పైఅధికారి ‘అవన్నీ తర్వాత, పాత ఫార్మాట్‌లోనే పంపు’ అన్నాడంటే ఆ కోర్సు ఖర్చు అక్కడితో సరి. నేర్చుకున్న కొద్ది రోజుల్లోనే వాడే అవకాశం రావాలి. తప్పు చేస్తే చెప్పేవాళ్ళుండాలి. బాగా చేస్తే గమనించేవాళ్ళుండాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఈ మూడింటినీ సరఫరా చేయలేదు.

తెరనూ మనిషినీ కలిపి వాడితే ఏమవుతుందో మన పక్క రాష్ట్రంలోనే తెలిసింది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రికిన్ గాంధీ బృందం మొదలుపెట్టిన ‘డిజిటల్ గ్రీన్’ పల్లెల్లో రైతులకు సాగు పద్ధతులను వీడియోల ద్వారా నేర్పింది. వ్యవసాయం కూడా పనే, పొలం కూడా పనిచోటే కాబట్టి ఈ కథ ఇక్కడ ఇముడుతుంది. వీడియోలో కనబడేది స్టూడియో యాంకర్ కాదు, అదే ప్రాంతపు రైతు, అదే యాసలో మాట్లాడుతూ. వీడియో వేసే మనిషి కూడా ఊరివాడే. మధ్యమధ్య ఆపుతాడు, ప్రశ్నలడుగుతాడు, అర్థంకాని చోట వెనక్కి తిప్పుతాడు, ఎవరు చేసి చూశారో తర్వాత కనుక్కుంటాడు. కర్ణాటకలో 16 గ్రామాల్లో 13 నెలలు ప్రయోగించి, సగం గ్రామాలను పోలిక కోసం పాత పద్ధతిలోనే ఉంచారు. వీడియోలు నడిచిన ఊళ్ళలో కొత్త సాగు పద్ధతులను చేపట్టినవారు ఏడు రెట్లు ఎక్కువ. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలోనూ ఈ తరహా వీడియోలు రైతుల దగ్గరికి వెళ్ళాయి. ఇక్కడ కూడా లెక్కపెట్టింది ఎంతమంది చూశారన్నది కాదు, ఎంతమంది చేశారన్నది.

ఏం కొలవాలి?

శిక్షణ విలువను నాలుగు మెట్లలో చూడాలని డోనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే ప్రతిపాదించాడు. నచ్చిందా, వచ్చిందా, పనిలో మార్పు కనబడిందా, సంస్థకు ఫలితం దక్కిందా. అందరూ ఈ నాలుగు మెట్లనూ పొగుడుతారు, చాలామంది మొదటి మెట్టు మీదే కూర్చుంటారు. నచ్చిందో లేదో అడగడానికి ఐదు నక్షత్రాల ఫారం చాలు. పనిలో మార్పు చూడాలంటే నెలలు ఆగాలి, రికార్డులు తీయాలి. తీరా 1997లో అలిగర్ బృందం పాత అధ్యయనాలను కూడగట్టి చూస్తే, శిక్షణ ఎంత ఆనందంగా అనిపించిందన్నదానికీ ఎంత నేర్చుకున్నారన్నదానికీ సంబంధం దాదాపు సున్నా. ‘నా పనికి ఉపయోగపడుతుంది’ అన్న అభిప్రాయానికి మాత్రం కొంత సంబంధం ఉంది. నక్షత్రాలు అడగక తప్పకపోతే ‘నచ్చిందా’ బదులు ‘రేపు దీన్ని ఎక్కడ వాడతారు’ అని అడగడం మేలు.

ఒక సంస్థ ఆన్‌లైన్ శిక్షణ కొనబోతోంటే అమ్మేవాళ్ళు గ్రాఫిక్స్ చూపిస్తారు, లైబ్రరీలో ఎన్ని వేల కోర్సులున్నాయో చెబుతారు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. నేర్చుకునేవాడు ఎన్ని నిమిషాలకోసారి ఏదైనా నిర్ణయం తీసుకోవాలి? తప్పు చేస్తే ‘తప్పు’ అని వదిలేస్తుందా, ఎందుకు తప్పో చెబుతుందా? వారం తర్వాత, నెల తర్వాత అదే విషయాన్ని మళ్ళీ అడుగుతుందా? ముందే తెలిసినవాణ్ణి ముందుకు పంపుతుందా? కోర్సు ముగిశాక పైఅధికారి చేయాల్సిన పనేమిటో ఎక్కడైనా రాసుందా? మారాల్సిన పని ఏదో, ఆ మార్పు ఏ రికార్డులో కనబడాలో మొదలుపెట్టకముందే ఎవరైనా రాసి పెట్టారా?

వీటికి జవాబులు దొరికిన శిక్షణ ఆన్‌లైన్‌లో తక్కువ ఖర్చుతో, వేలమందికి, ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్ళకు అందుతుంది. అందులో సందేహం లేదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. అలాంటి శిక్షణ మొదటి నివేదికలో అందంగా కనబడదు. విడతలుగా సాగుతుంది కాబట్టి పూర్తయినవారి శాతం నెమ్మదిగా పెరుగుతుంది. గుర్తుచేసుకోమంటుంది కాబట్టి మొదటి క్విజ్‌లో మార్కులు తగ్గుతాయి. కష్టపెడుతుంది కాబట్టి నక్షత్రాలు రాలతాయి. మూడు నెలల తర్వాత పనిలో కనబడబోయే మార్పు కోసం మొదటి నెల చెడ్డ అంకెలను భరించగల అధికారి ఆ సంస్థలో ఉండాలి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చుకునే ముందు తేల్చుకోవాల్సింది ఆ విషయమే.